రామలింగప్ప దెబ్బ

“ఓబులేసు బావా, ఈ పొద్దు ఎన్ని ముంతలు ఎత్తితివి?”

వీధి ఆ కొసనుంచి ఈ కొసకు ఇనపడేతట్టు కేక. గంజి కాస్తాండిన ఆడోళ్లంతా నవ్విరి. మీ నాయన గోడ పట్టుకుని, ఒక కాలు ఈ పక్కకు, ఒక కాలు ఆ పక్కకు ఇసురుకుంటా పోతాండె. ఆ కేకేసిన మొనగాడు ఎవురనుకుంటివి అల్లుడూ? నేనే.

“మామా, మా నాయన నిజంగా తాగేటోడా?” అని ఇప్పుడు అడిగితివి సూడు, అందుకే ముందు ఇది చెప్తాండా. నిన్న కర్నూల్లో మీ అక్కను చూసి డాక్టరు, ఇది మెదడు జబ్బు, మీ నాయన నుంచి దిగింది, ఆయనకు వాళ్ల నాయన నుంచి దిగింది అన్నాడంటివి. ఆ ఇంగ్లీషు పేరు నా నోట తిరగదులే. ఐదో తరగతితో బడి మానినోణ్ని. అయినా మా వీధిలో దానికి పేర్లు లేకుండా పోలేదు. మీ జేజినాయన రామలింగప్పకు వస్తే పూనకమనిరి. మీ నాయనకు వస్తే కల్లు అనిరి.

ఇది తెల్లోళ్లు ఉన్నప్పటి మాట. యుద్ధం జరుగుతాండె, నూలు కంట్రోలు, బియ్యం శేరు ఎంతంటావు... వద్దు, బియ్యంలోకి పోతే మళ్లా ఈడికి రాను. కోయిలకుంట్ల పక్కన మా పల్లె, మా వీధంతా గుంట మగ్గాలే. మీ నాయనకు ముప్పై నిండినాయో లేదో, కాదు, మీ అక్క నడిచేది కదా, ముప్పై నాలుగు. ముందు వేళ్లు ఎగిరె. తర్వాత భుజం, ఆ తర్వాత మొగం. మాట ముద్దముద్ద. ఊరికే కోపం, ఊరికే నవ్వు. సావు ఇంట్లో కూడా నవ్వె. ఒకనాడు నన్నే చూసి, “నువ్వు ఎవురి పిల్లోడివప్పా?” అనె. సొంత బామ్మర్దిని. నేనేం చేస్తిని? ఇంకా గట్టిగా కేకలేస్తిని. బావను ఎగతాళి చేసేది నా హక్కు కదా, దాన్ని ఒక్కనాడూ వదులుకోలేదు.

మా కులం పెద్ద నరసప్ప. శానా నిష్ఠ గల మనిషి. ఆయప్ప మగ్గం నేర్చుకునింది మీ జేజినాయన కాడ. ఆ సంగతి దినానికి పదిసార్లు చెప్పేవాడు, ఎవురూ అడక్కుండానే. పోగును దగ్గరికి కొట్టే పన్నె ఉంటాది చూడు, దాంతో రెండు దెబ్బలు గట్టిగా, ఒక దెబ్బ జారుడుగా కొట్టాలంట. అది గురువు దెబ్బంట. ఎనిమిదేండ్లు కష్టపడితే చేతికి వచ్చిందంట. శిష్యులకు దాచకుండా నేర్పేవాడు. వీధిలో సగం మంది ఆ దెబ్బే కొట్టేది. నేనూ కొట్టినా. గుడ్డ ఒక చోట మందం, ఒక చోట పలచన. కొనేటోడు అడిగితే, అది మా పనితనం అనేది.

ఆ నరసప్ప తీర్మానం చేసె. ఓబులేసు తాగుబోతు. మా కులదేవత చౌడమ్మ ముందర ముక్కు నేలకు రాసి తప్పు ఒప్పుకునేదాకా కులమంతా కూచుని తినే బంతిలో ఆకు లేదు. బంతిలో ఆకు లేకుంటే ఏమైతాదని నవ్వొద్దు. పడుగు పోగులు వీధిలో చాపి గంజి పెట్టాలంటే నలుగురు మనుషులు కావాల. బంతికి రానోని పడుగు ఎవురూ పట్టరు. పడుగు లేకుంటే మగ్గం లేదు. నువ్వు మీయమ్మ చంకలో, మీ అక్క ఆమె కొంగు పట్టుకుని. మగ్గం మీద ఉన్నది అయిపోతే మీ ఇంట్లో కుండ ఎక్కేది లేదు.

“తాగినానని ఒక్క మాట అను ఓబులేసూ, ఆకు వేస్తాం.”

“తాగ... లేదు.” ఆ రెండు మాటలకు ఆయనకు శానాసేపు పట్టె. అది చూసి మళ్లా నవ్వినాము.

చౌడమ్మ జ్యోతి పండగ వచ్చె. ఆకులు పరుస్తాండిరి. మీయమ్మ, మా లక్ష్మక్క, మూరెడు గుడ్డ ఒకటి చేతబట్టుకుని నేరుగా నరసప్ప కాడికి పోయె.

“నరసప్ప మామా, ఇది ఎవురి చేయో చెప్పు.”

ఆయప్ప కండ్లు మూసుకుని వేలు పెట్టి తడిమె. మొగం వెలిగిపోయె. “ఇంకెవురిదమ్మే. మా గురువుది. రెండు గట్టి, ఒక జారుడు. ఇంత నికార్సుగా నాకు కూడా రాదు. యాడ దాచినావు ఇన్నేండ్లు?”

“అంచుకు పోగులు ఏలాడతాండాయి చూడు. ఈ పొద్దున కోసినా. మిగతాది మగ్గం మీదే ఉండాది. నేసింది నీ తాగుబోతు.”

గంటె పట్టినోడు గంటె పట్టినట్టే ఉండె.

“మా మామ రామలింగప్ప కడాకు పెండ్లాన్నే అమ్మా అనె. మగ్గం గుంటలో పడె. కాలు నిలవకపోతే మీరంతా పూనకమని సాగిలపడి మొక్కితిరి. ఆయన కొడుక్కు కాలు నిలవకపోతే ముక్కు నేలకు రాయమంటారు. చెప్పు మామా, మా మామ తాగేటోడా?”

“అంత మాటొద్దమ్మే. ఆయప్ప కల్లు గాలి సోకితే తానం చేసేటోడు.”

“మరి ఇద్దరి చేయీ ఒకటేలాగ ఎందుకు జారె?”

నరసప్ప తన చేయి చూసుకొనె. పాపం, ఒక రోగాన్ని ఎనిమిదేండ్లు కష్టపడి నేర్చుకున్న మనిషి అల్లుడూ ఆయప్ప. మేము ఆ శిష్యునికి శిష్యులం. మా ఘనత అది.

“ఆకు వెయ్యండ్రా ఓబులేసుకు,” అనె.

అక్క నా పక్క తిరిగె. “నువ్వు మీ బావ పక్కన కూచో. నోరుండాది కదా, చేతులు కూడా ఉండాయేమో చూద్దాం.”

ఈ జబ్బు నీకొస్తాదా అని నువ్వు అడగలేదు, నేను చెప్పేదానికీ తెలీదు. రాకూడదు నాయనా, నీ చేయి నీ మాట ఇనాల. మీ అక్కను మాత్రం ఎవురినీ ఎగతాళి చెయ్యనీకు. నాలాంటోళ్లు ప్రతి వీధికీ ఒకడుంటాడు.

ఆ పొద్దు బావ పక్కన కూచుంటి. బెల్లం పూర్ణం బచ్చం తుంచి పాలల్లో అద్ది నోట పెడితే, ఆయన తల ఎగిరి మొదటి ముద్ద నా కంట్లో పడె. ఎవురన్నా నవ్వుతారేమోనని చూస్తి. నవ్వింది మీ నాయనే. రెండో ముద్ద మింగె. నరసప్ప వచ్చి ఆ పక్కన కూచుని, ఆకు ఎగరకుండా అంచు అదిమి పట్టుకొనె. అక్క నిన్ను ఒళ్లో ఏసుకుని ఎదురు బంతిలో కూచుండె, మీ అక్క ఆమె పక్కన. వడ్డించేటోళ్లు కూడా గంటెలు కింద పెట్టి కూచుండ్రి, ఇంగ అందరమూ తినబట్టితిమి.