నీలం మీద కనపడేది

పినపాక సంత రోడ్డు మీద షీరీన్ దారాల దుకాణం. బొంతలు కుట్టే ఎర్రమ్మ కౌంటర్ మీద ముదురు నీలం బట్ట పరిచింది.

"ఈ దారం బట్టల కలిసిపోతది బిడ్డా. ఇంకోటి దియ్యి."

"కలిస్తేనే గదా పెద్దమ్మా నీటుగుండేది. నీ బొంతలన్నీ గట్లనే కుడతవు. కుట్టు ఏడుందో ఎతుక్కోవాలె."

"ఇది గట్ల గాదు. దూరం నుంచి కనపడాలె. వాకిట్ల నిలబడ్డోనికి కూడ కనపడాలె."

"అయితే ఎర్రది దీస్కో."

"నీలం మీద ఎరుపు దగ్గరికే కనపడ్తది. నాలుగడుగులు ఎనక్కి పోతే నల్లగైతది. ఆ పసుపుపచ్చది దియ్యి. ఉండ మొత్తం పెట్టకు, ఒక్క పోగు గుంజి బట్ట మీద పరిచి చూపెట్టు. ఉండల ఉన్నప్పుడు ఒక రంగు, పోగైతే ఒక రంగు."

"ఇగో. గడప కాడికి పోయి చూడు."

"కనపడ్తుంది. సన్నగుంది గని. లావుది లేదా?"

"ఉంది. దానికి పెద్ద సూది గావాలె. ఎవలి బొంత పెద్దమ్మా, గింత చూసుకుంటున్నవు?"

"ఆదినారాయణ ఇంటిది."

"తునికాకు కాంట్రాక్టర్ ఆదినారాయణ సారుదా?"

"అవ్. ఆయన కోడలు వనజ మా ఇంటికొచ్చింది. ఆడపిల్ల పుట్టిందట, ఆయితారం తొట్టెల ఫంక్షనట. నీ అంత మంచిగ కుట్టెటోళ్లు లేరన్నరు, నడింట్ల పరిచి అందరికి చూపెడ్తమన్నది. బట్ట కూడ ఆమెనే ఇచ్చింది. పోయినేడు వచ్చిన కోడలు, పాపం ఆ పిల్లకేం తెల్వదు."

"ఏం తెల్వదు?"

"ముందు లావు దారం దియ్యి."

"తీస్త గని, ఏం కుడ్తవు? పూలా?"

"పేరు."

"పాపకు ఇంకా పేరే పెట్టలేదు గదా."

"నాగలక్ష్మి. నా బిడ్డ పేరు. దాని కింద ఆమె చచ్చిపోయిన తారీకు. నాకు రాసుడు రాదు, ఆధార్ జిరాక్సు, చావు సర్టిఫికెట్టు చూసుకుంట సుద్దముక్కతోని గీసిన. అక్షరాలు మంచిగొచ్చినయా చూడు."

"పసిబిడ్డ మీద కప్పేదాని మీద గిదేంది పెద్దమ్మా?"

"నా బిడ్డ కడుపుల ఉన్నది కూడ పసిబిడ్డనే."

"గిదెప్పుడైంది పెద్దమ్మా?"

"నువ్వు ఈడికొచ్చి ఎన్నేండ్లయింది?"

"అయిదేండ్లు."

"నీకు తెల్వదు మరి. ఇది ఆరేండ్ల కిందటిది. శ్రావణం, ఎడతెగని ముసురు. నాగలక్ష్మికి పొద్దుగాల్నే నొప్పులు లేసినయ్. సెల్లుకు సిగ్నల్ లేదు. మంచం మీద పండబెట్టి నేను, మా ఆయన పగిడయ్య, ఇంకిద్దరు రోడ్డు దాంక మోసుకొచ్చినం. చూడంగ చూడంగ ఆదినారాయణ జీపొచ్చింది ఎగువ నుంచి."

"ఎగువ నుంచా?"

"అవ్, వాగు అవతలి నుంచి. ఎనక టార్పాలిన్ కట్టుంది. నేను రోడ్డుకు అడ్డం పోయి చేతులు జోడించిన. జీపు మెల్లగైంది. ఆగింది అనుకున్న. నా మొఖం చూసిండు, మంచం దిక్కు చూసిండు. మళ్ల ఏమనుకున్నడో, జీపు పక్కకు తిప్పుకొని ఎల్లిపోయిండు. ఆ బురద నా నోట్ల పడ్డది."

"ఎనక ఏముందో చూసినవా?"

"ఎరువు బస్తాలుంటయ్, ఇంకేముంటయ్. బస్తాలు దించుడు ఎందుకని నా బిడ్డను ఇడిసిపెట్టిండు. పగటేళకు ఆ మంచంలనే... ఇద్దరు."

"నీళ్లు తాగు పెద్దమ్మా."

"వద్దు."

"ఆయనను మళ్ల అడగలేదా, ఎందుకు పోయినవని?"

"మూడోనాడు ఇంటికొచ్చిండు. ఏదో చెప్పబోయిండు. పగిడయ్య గొడ్డలి దీసిండు, గంతే, మళ్ల రాలే. సంతల ఎదురైతే తల దించుకోని పోతడు. తప్పు జెయ్యనోడు తల దించుకుంటడా?"

"దించుకోడు గని..."

"ఆరేండ్లు చూసిన బిడ్డా. ఇల్లు కట్టిండు, కొడుకు పెండ్లి జేసిండు, మనుమరాలిని ఎత్తుకున్నడు. నేను ఊకె చూసుకుంట కూసున్న. ఇప్పుడు ఆయన కోడలే నా ఇంటికి బట్ట దెచ్చింది. ఆయితారం నూరు మంది సదువుతరు. ఈ నాగలక్ష్మి ఎవలని అడుగుతరు. ఆయన నోటితోనే చెప్పాలె, అందరి ముందట. ఆయన మొఖం నేను చూడాలె. కట్టు దారం."

"ఇయ్య పెద్దమ్మా."

"ఏంది?"

"ఈ దారం నీకియ్య."

"ఇయ్యకపోతే మణుగూరు పోత. ఆడ దొరకదా?"

"పోకు. కూసో జర. ఆయన మీద పగతోని కుట్టకు."

"ఆయన నీకేమైతడు?"

"ఏం గాడు. అయిదేండ్లని చెప్పిన గదా, ఈడికి రాకముందు మా ఆయన హమీద్, నేను వాగు అవతలి ఊర్లనే ఉన్నం. కిరాయింట్ల కిరాణం నడిపినం. ఆ టార్పాలిన్ కింద బస్తాలు లెవ్వు."

"నీకెట్ల తెలుసు?"

"నేనే పండుకోని ఉన్న. కడుపుల మా షాబాజ్ అడ్డం తిరిగిండు, నెత్తురు ఆగుతలేదు. టార్పాలిన్ సందుల నుంచి రోడ్డు మీద ఎవలో చేతులు జోడించింది కనపడ్డది. అది నువ్వని ఇయాల్టి దాంక తెల్వదు."

"అయితే ఏమాయె. ఇంకొక మనిషికి జాగ లేదా? ఆపి ఎక్కించుకోకపోయెనా?"

"ఆపిండు పెద్దమ్మా. బ్రేకు తొక్కిండు. ఇద్దరు పడ్తరు, ఎక్కిద్దమన్నడు. ఇన్నేండ్లు నా పేరు బయట పెట్టలేదు ఆయన. ఒక్క నిమిషం ఆగినా నేను బతకనని, పోనియ్యి పోనియ్యి అని ఎనక నుంచి ఆయన అంగీ పట్టి గుంజింది నేను."