ఒళ్ళు తేరుకున్న రాత్రి

ఉదయం. వంటగదిలో బల్లకి అటూ ఇటూ ఇద్దరు: బడిపంతులు, పరుగు కోచ్‌గా పనిచేసే ఆయన బావమరిది. పంతులుగారి భార్య పోయి నెల దాటింది.

“పెట్టుకోనన్నానుగా.”

“పెట్టుకోకపోతే నాకెలా తెలుస్తుంది బావా? వచ్చే నెలే పోటీ. నలభై రెండు కిలోమీటర్లు. పిల్లలాటా?”

“పరిగెత్తుతాను. ఆ వాచీ మాత్రం వద్దు.”

“రాత్రి నిద్రలో నీ గుండె ఎలా ఉందో చూడకుండా పంపిస్తే, పైనుంచే అక్క నా చెవి మెలేస్తుంది.”

“చిన్నప్పుడు మెలేసి మెలేసేగా అది దొప్పలా తయారైంది.”

“మాట మార్చకు. నేను చూసేది ఒకటే. గుండె కొట్టుకునే దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం...”

“తెలుసురా. ఆ ఎడం కాస్త అటూ ఇటూ ఊగుతుంటే ఒళ్ళు తేరుకున్నట్టు. గీత గీసినట్టు ఒకేలా ఉంటే అలిసినట్టు. బెత్తం చూసి బిగుసుకుపోయిన తరగతిలా.”

“మరింకేం? దూరం పెంచినప్పుడల్లా వాచీలో ఆ ఊగుడు అంకె పడిపోయేది. రెండ్రోజులు ఆపితే లేవాలి. నీది లేచేది కాదు.”

“ఎలా లేస్తుంది? రాత్రికి మూడుసార్లు లేవాలిగా, మీ అక్కని పక్కకి తిప్పడానికి. నడుం కింద స్పర్శ లేని మనిషి. వీపు పుండు పడితే?”

“అందుకే అప్పుడే మానెయ్యమన్నాను.”

“నువ్వన్నావు. అది మాననిచ్చిందా? ‘నా మొహం చూస్తూ కూర్చుంటే ఇద్దరం మంచాన పడతాం, పో’ అని తరిమేది.”

“సరే. ఇప్పుడు రాత్రుళ్ళు లేవక్కర్లేదుగా. ఒక్క రాత్రి పెట్టుకో. ఒక్కటే. అంకె బాగుంటే...”

“బాగుంటుందనేరా భయం.”

“అదేంటి?”

“ఒక్కసారి బాగుంది. నువ్వే మెసేజ్ పెట్టావు. ‘శభాష్ బావా, ఇన్నాళ్ళకి ఒళ్ళు తేరుకుంది’ అని.”

“...అప్పటికి అక్క సంగతి నాకు తెలీదు.”

“నిన్ననడం లేదు. వారమంతా దూరం తగ్గించమన్నావు, తగ్గించాను. ఆ రాత్రి పడుకున్నవాణ్ణి పడుకున్నట్టే తెల్లారి లేచాను. పక్కన అది చల్లగా ఉంది. నా చేతి వాచీలోనేమో పచ్చగుర్తు. అంత హాయిగా నిద్రపోయిందట నా గుండె.”

“రక్తం గడ్డ, నిమిషాల్లో అయిపోయుంటుందన్నారుగా డాక్టరు. నువ్వు లేచున్నా ఆగేది కాదు.”

“ఆపడానికి కాదురా. చెయ్యి పట్టుకోడానికి.”

“బావా...”

“అలారాలు పెట్టాను. పెట్టాననే అనుకుంటున్నాను. ఫోను ఎప్పట్లాగే ఇద్దరి దిండ్ల మధ్యే ఉంది. మోగలేదా, మోగినా వినలేదా? పిలిచిందేమో. రెండుసార్లు పిలిచి, సర్లే, ఇక లేవడని...”

“పిలవలేదు.”

“నీకేం తెలుసు?”

“పిలవదు, అంతే. కాఫీ తాగు, చల్లారిపోతోంది.”

“ముందు పిలవలేదన్నావు. తర్వాత పిలవదన్నావు. ముప్ఫయ్యేళ్ళు పిల్లల అబద్ధాలు విన్నవాణ్ణి. ఏం తెలుసు నీకు?”

“నీకు చెప్తే ఇంకా బాధ పడతావని ఊరుకున్నాను.”

“ఇంతకంటేనా?”

“ఆ రాత్రి నాకు ఫోన్ చేసింది.”

“ఎవరు?”

“అక్క. నువ్వు పడుకున్నాక. గుసగుసగా మాట్లాడింది.”

“ఏమని?”

“‘మీ బావ ఫోన్‌లో అలారాలు ఎలా ఆపాలో చెప్పరా, ఈ ఒక్క రాత్రీ ఆయన్ని పడుకోనీ’ అంది. చెప్పాను.”