బోర్డుకి ఎడమ ఎటు

హలో… ఆ, నేనే పెద్దన్నయ్యా. తొమ్మిదింటికి షాపు మీదికి కొత్త బోర్డు ఎక్కించారట, పెయింటరు చెప్పాడు. చిన్నన్నయ్య చూశాడా?…

ఇంకా లేదా. బండి మాట్లాడటానికి వెళ్లాడా… కుట్టు మిషను తాడేసి కట్టి గుమ్మంలో పెట్టాడా. నిజంగానే వేరే షాపు పెట్టేస్తాడంటావా?…

ఏడవకు. బోర్డు చూస్తే ఆగుతాడు. పాతదాని మీద అన్నీ మధ్యకి రాయించావు. 'ప్యాంట్లు, కోట్లు, సూట్లు – పెద్ద మాస్టరు' అని నీ వరస బారెడు. దాని కింద 'చొక్కాలు – చిన్న మాస్టరు' బెత్తెడు. నీ కోటు కింద వేలాడే దారంలా ఉన్నానని కదా ఆయన గోల…

అందుకేగా నేను లేఅవుట్ మార్చింది. వరసలన్నీ ఎడమ అంచున ఒకే గీత మీద మొదలైతే ఇద్దరూ సమానమని… ఆ, గుండీల్లాగే. పట్టీ మీద ఒక్క గుండీ పక్కకి జరిగినా తెలిసిపోతుందని నువ్వే అన్నావు.

ఫొటో పంపు… వచ్చింది, ఉండు.

అన్నయ్యా.

ఇదేంటి, అన్నీ కుడి పక్కకి పోయి అతుక్కున్నాయి?…

ఎడమేనా? ఎవరి ఎడమ?… బోర్డు ఎడమా!

లేదు లేదు, జేబు సంగతి వేరు. చొక్కాకి జేబు ఎడమన అంటే తొడుక్కున్నవాడి ఎడమ, ఒప్పుకున్నాను. బోర్డుని ఎవరు తొడుక్కుంటారు?… గోడా?

తలకిందులు చేసి కడితే ఎడమకొస్తుంది, నిజమే. చదివేవాళ్లు?… వద్దు, అద్దం కూడా వద్దు.

విను. కుడైనా గీత గీతే. చివరలన్నీ ఒక్కచోటే ఆగాయి, చాలు. అది సరే గానీ, చిన్నన్నయ్య వరస పక్కన ఆ తెల్లటిదేంటి?…

అతుకా! ఖాళీ ఉంటే చిరిగినట్టుందా? నీకు దణ్ణం. ఖాళీని ఖాళీగా వదలమని చిలక్కి చెప్పినట్టు చెప్పాను…

చొక్కా బొమ్మా. ఎంతుంది?… ఆ ఖాళీ అంతానా.

ఏంటా చప్పుడు?… వచ్చాడా. చూస్తున్నాడా?… రోడ్డు మధ్యలో నిలబడా? హారన్లు వినిపిస్తున్నాయి, పక్కకి రమ్మను… ఏమంటున్నాడు?…

నవ్వాడా!

కాలరు బాగా కూర్చుందన్నాడా… నీ పేరు కంటే చొక్కాయే పెద్దదన్నాడా. మిషను తాడు విప్పుతున్నాడా? హమ్మయ్య.

మళ్లీ నీకేమైంది?… ప్యాంటు బొమ్మ లేదా. బోర్డు మీద ఇంక చోటెక్కడుంది?…

అన్నయ్యా, నీ మిషను ఎందుకు కదుపుతున్నావు? ఎక్కడికి?… బండి ఎలాగూ వచ్చిందనా!

ఫోను చిన్నన్నయ్యకివ్వు. ముందు ఇవ్వు.

చిన్నన్నయ్యా, ఆయన్ని ఆపు… మిషను దించేశాడా? మరి ఏం చేస్తున్నాడు?… నిచ్చెన ఎక్కాడా. చేతిలో ఏముంది?… సుద్ద.

ఎక్కడ గీస్తున్నాడు?… గోడ మీదా. నీ చొక్కా కింద నుంచి నేల దాకా ప్యాంటా…

నడుము చొక్కాకి సరిగ్గా కిందకొచ్చిందా?… కాస్త ఎడమకి జరిగిందా. ఎవరి ఎడమకి?…

సరే, వద్దులే. నువ్వేం చేస్తున్నావు?…

నిచ్చెన పట్టుకున్నావా. ఒంటిచేత్తోనా?…

ఫోను పెట్టేసి రెండు చేతులా పట్టుకో.