నా అడుగు చప్పుడు తెలిసిన రొయ్యలు

టీ చల్లారినా ఫర్వాలేదు, ఈ మాట మాత్రం వేడిగా వినాలి. ఇంట్లో మా ఆవిడ నా మాట వినదు, పిల్లలు అసలు వినరు, సైకిలు కూడా నేను తొక్కితే ఒక పక్కకి లాగుతుంది. అలాంటి నా మాట మా అక్క చెరువులో మంచినీటి రొయ్యలు వింటాయి. అక్క నన్ను మేత వేసే పనిలో పెట్టి పద్దెనిమిది రోజులైంది. నాలుగు చోట్ల గెంటించుకున్నవాణ్ణి, ఇది కూడా పోతే ఇంకెవరూ గుమ్మం ఎక్కనివ్వరు, అందుకే ప్రాణం పెట్టి మేపుతున్నాను.

అక్క రోజుకు నాలుగు డబ్బాలే వెయ్యమంది. ఎదిగే వయసు కదా పాపం అని నేనే ఆరు చేశాను, ఆ తర్వాత పది. రోజూ ఆ పొడి మేతే అయితే వాటికి మాత్రం నోరు చప్పబడదూ? నత్తలు కొట్టి మాంసం వేశాను, మొక్కజొన్న ఉడకేసి వేశాను. అవి ఏదైనా తింటాయి, ఏమీ దొరక్కపోతే పెంకు విడిచి మెత్తబడ్డ తోటి రొయ్యనే తినేస్తాయి. నా దగ్గర వాటికి ఆ ఖర్మ లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?

"నువ్వు ఆపితే కదా తెలియకపోవడానికి," అన్నాడు టీ కొట్టాయన.

నీలం గోళ్ళ పెద్దరొయ్య ఒకటి గట్టెక్కి నా తువ్వాలు పట్టుకుని లాగింది. ఏమిటే అంటే, నత్తమాంసంలో ఉప్పు తక్కువైందట. సరేనని ఇంటికి తీసుకెళ్ళాను. నా కంచంలోనే తిని, వంట బాగుందని మా ఆవిణ్ణి మెచ్చుకుంది. ఇరవై ఏళ్ళలో నాకు చేతకాని పని అది.

ఇక ఇవాళ పొద్దున చూడాలి. నేను గట్టు మీద అడుగు పెట్టానో లేదో, చెరువులో రొయ్యలన్నీ ఒడ్డుకొచ్చి, మీసాలు పైకెత్తి, వరసలో నిలబడి నాకు దండం పెట్టాయి. నాకు ఏడుపొచ్చింది. ఇంకో రెండు డబ్బాలు విసిరి ఇటొచ్చాను.

మూల బల్ల మీద కూర్చున్న వలలు విసిరే తాత, ఇంతసేపూ నవ్వినవాడు, గ్లాసు కింద పెట్టాడు.

"ఒడ్డుకొచ్చింది నిజమేనా?"

"నిజం తాతా. ఆ ఒక్కటీ కోత కాదు."

"అవి దండం పెట్టలేదురా, ఊపిరాడక వచ్చాయి. నువ్వు వేసిందంతా అడుగున కుళ్ళి నీళ్ళు పాడుచేసింది. కొత్తనీళ్ళు పెట్టకపోతే మధ్యాహ్నానికి ఒక్కటీ మిగలదు. పరిగెత్తు."

పరిగెత్తాను. మోటారు గది తాళం అక్క దగ్గరే ఉంటుంది. ఆయాసపడుతూ గుమ్మంలో నిలబడి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పాను.

"అక్కా, మేత ఎక్కువ వేసి రొయ్యల్ని చంపేస్తున్నాను. తాళం ఇవ్వు."

అక్క పకపకా నవ్వింది. "పొద్దున్నే కోతలు మొదలెట్టావా," అని లోపలికి వెళ్ళిపోయింది.