రెండోసారి బిగించిన చేయి

పందొమ్మిది వందల తొంభై ఒకటవ సంవత్సరం జూన్ పదకొండవ తేదీ, మంగళవారం ఉదయం ఎనిమిదిన్నర గంటలకు, ఒక చేతిలో నియామక పత్రం, మరో చేతిలో మడతపెట్టిన నూలుగుడ్డ పట్టుకుని ఇరవై ఆరేళ్ళ యువకుడొకరు మా కార్ల సర్వీసు కేంద్రం గేటు లోపలికి అడుగుపెట్టారు. ఆ పత్రం అందుకుని హాజరు పుస్తకంలో వారి పేరు రాసుకున్నది రిసెప్షన్ బల్ల వెనక కూర్చున్న నేనే. గుడ్డ ఎందుకని అడిగితే, "చెయ్యి తుడుచుకోకుండా మీ పుస్తకం ముట్టుకుంటే మీరు తిడతారు కదండీ" అన్నారు. అప్పటికి వారు ఏ పనీ మొదలుపెట్టలేదు. చేతులు శుభ్రంగానే ఉన్నాయి.

ముప్పై నాలుగు సంవత్సరాల ఇరవై రోజుల నిరంతర సేవ అనంతరం, ఈ నెల ముప్పయ్యో తేదీన ప్రధాన మెకానిక్ హోదాలో పదవీ విరమణ చేస్తున్న వారిని మా సిబ్బందీ, కార్ల యజమానులూ, ఆఖరికి వారి మనవరాలు కూడా 'రెండోసారి మాస్టారు' అనే పిలుస్తారు. వీడ్కోలు కానుకగా ఏం కావాలని మా సిబ్బంది సంఘం తరఫున అడిగినప్పుడు మాస్టారు గడియారం వద్దన్నారు, వాలుకుర్చీ వద్దన్నారు. "రెండో బిగింపు ఉంచండి, చాలు" అన్నారు. ఆ ఒక్క కోరికా నెరవేరుతుందో లేదో రెండు వారాల క్రితం వరకూ మాలో ఎవరికీ తెలియదు. ఆ కోరిక విలువ తెలియాలంటే ముందుగా వారికి ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలి.

చేరిన తొలి ఏడాది కార్లు కడిగే విభాగంలోనూ, తరువాతి రెండేళ్ళు ఇంజనాయిలు మార్చే విభాగంలోనూ పనిచేసి, మాస్టారు నాలుగో ఏట చక్రాల విభాగానికి వచ్చారు. పనిలో వేగం, మాటలో పొదుపు, ముఖంలో ప్రసన్నత అప్పుడే వారికి అలవడిన గుణాలు. చక్రం విప్పి మళ్ళీ అమర్చేటప్పుడు నట్లను రెండు విడతలుగా బిగించాలి. కారు జాకీ మీద ఉన్నప్పుడు ఒకసారి, కిందికి దించి బరువంతా చక్రాల మీద పడ్డాక మరొకసారి. జాబ్‌కార్డు మీద రెండింటికీ రెండు గళ్ళుండేవి. పని పూర్తయ్యాక టిక్కు పెట్టాలన్నది నియమం. కాని రద్దీ రోజుల్లో మా వాళ్ళందరూ పొద్దున్నే కార్డులన్నీ దగ్గర పెట్టుకుని, రెండు గళ్ళలోనూ ముందే టిక్కులు కొట్టేసి పనిలోకి దిగేవారు. చూసీ చూడనట్టు ఊరుకున్న వారిలో నేనూ ఒకణ్ణి.

తొంభై ఐదు అక్టోబరులో ఒక ఉపాధ్యాయురాలి కారుకు మాస్టారు ముందు చక్రం మార్చి, జాకీ మీద ఒకసారి బిగించి, కారును దించారు. సరిగ్గా అప్పుడే భోజనాల గంట మోగింది. తిరిగి వచ్చాక కార్డు చూస్తే రెండు టిక్కులూ ఉన్నాయి. పని అయిపోయిందనుకుని పక్క కారు దగ్గరికి వెళ్ళిపోయారు. మర్నాడు పాఠశాలకు వెళ్తుండగా మలుపులో ఆ చక్రం ఊడి దొర్లిపోయింది, కారు ప్రహరీగోడకు ఒరిగింది, ఆమె కుడి మణికట్టు విరిగింది.

రోడ్డంతా గుంతలేనని అప్పటి మేనేజరు గారు సర్దిచెప్పబోయారు. మాస్టారు ఒప్పుకోలేదు. "గుంతలది కాదండీ తప్పు, నాది. రెండోసారి బిగించలేదు" అని అందరి ముందూ చెప్పి, ఆ సాయంత్రమే ఆమె ఇంటికి బయలుదేరారు. తోడుగా నేనూ వెళ్ళాను. ఆమె కట్టు కట్టిన చేతిని బల్ల మీద పెట్టుకుని కూర్చుని ఉన్నారు.

"బోర్డు మీద రాసే చెయ్యి బాబూ ఇది" అన్నారామె.

మాస్టారు తలవంచుకుని నిలబడ్డారు.

"సరే, నువ్వు మరిచిపోయావు. మనిషన్నాక మరుపుంటుంది. మరి నట్టు వదులైందని నాకెలా తెలుస్తుంది? నాకెవరూ చెప్పలేదే! పెట్రోలు పోయించడం తప్ప ఆ కారు గురించి నాకు ఒక్క ముక్క తెలీదు."

ఆ ప్రశ్నకు జవాబుగా మాస్టారు మరుసటి శనివారం మళ్ళీ వెళ్ళి, బాగుచేసిన కారు పక్కన ఆమెను నిలబెట్టి, పానా ఎడమ చేతికిచ్చి, నట్టు బిగువు ఎలా చూసుకోవాలో చూపించారు. మా కేంద్రంలో ప్రతి శనివారం ఉదయం పది గంటలకు జరిగే 'కారు పాఠం' అలా మొదలైంది. ముప్పై ఏళ్ళుగా ఎన్నో వందల మంది సామాన్య వాహనదారులు ఆ పాఠం విన్నారు. టైరులో గాలి పొద్దున్నే, కారు కదలకముందే చూసుకోవాలనీ, వేడిగా ఉన్న రేడియేటర్ మూత ముట్టుకోకూడదనీ, బ్రేకు తొక్కితే పాదం మునుపటికంటే లోతుకు వెళ్తోందంటే ఆ పూటే కారు తీసుకురావాలనీ మాస్టారు చెప్పేవారు. వైపర్ల రబ్బరు సంగతి వానాకాలానికి ముందు గుర్తు చేసేవారు. అన్నిటికంటే ఎక్కువసేపు ఇంజనాయిలు పుల్ల దగ్గర ఆగేవారు.

ఒకసారి ఒక వకీలు గారు ఆ పుల్లను పైకి లాగి, "నిండుగా ఉందయ్యా, ఇక తాళం ఇవ్వు" అన్నారు.

"తుడిచి, మళ్ళీ ముంచి, రెండోసారి తీయండి సార్."

"ఇప్పుడే కదా తీశాను?"

"మొదటిసారి పుల్లంతా ఆయిలు చిమ్మి ఉంటుంది సార్. దాన్ని నమ్మకూడదు."

"డబ్బిచ్చేదీ నేనే, పరీక్ష రాసేదీ నేనేనా!" అంటూనే వకీలు గారు మాస్టారి భుజం మీది గుడ్డ అందుకుని తుడిచి, రెండోసారి తీసి చూశారు. ఆయిలు అడుగు గీతకు కూడా అందలేదు. "మా సాక్షులు నయమయ్యా" అన్నారాయన. ఆ వారం నుంచే 'రెండోసారి మాస్టారు' అన్న పేరు స్థిరపడింది.

ఈ అలవాటు ఇంటిదాకా వెళ్ళిందని వారి శ్రీమతి గారు చెబుతారు. "ఊరికి బయలుదేరితే తలుపు రెండుసార్లు, గ్యాసు రెండుసార్లు చూస్తారన్నయ్యగారూ! ఆటో వాడు హారను కొడుతూనే ఉంటాడు. నేను కూరలో ఉప్పు వేశానో లేదో మాత్రం ఒక్కసారి కూడా అడగరు, పెట్టింది పెట్టినట్టు తినేస్తారు." ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఫిర్యాదు ఉండదు.

రెండువేల ఎనిమిదిలో మాస్టారు ఫోర్‌మన్‌గా, పదిహేడులో ప్రధాన మెకానిక్‌గా పదోన్నతి పొందారు. నియమం మరింత గట్టిపడింది. ఏ కారుకు చక్రం విప్పినా, దించి బిగించాక, కేంద్రం వెనక వీధిలో రెండు కిలోమీటర్లు తిప్పి తెచ్చి, నట్లన్నీ మళ్ళీ చూడాలి. అప్పుడే రెండో గడిలో టిక్కు. ముందుగా టిక్కు పెట్టిన కార్డు కనబడితే మాస్టారు ఏమీ అనేవారు కాదు. ఆ కార్డు చింపి, కొత్త కార్డు తెచ్చి ఆ మెకానిక్ చేతిలో పెట్టేవారు. తిట్టినా బాగుండేదని అందరూ అనుకునేవారు.

వారి గురించి నాకు మాత్రమే తెలిసిన సంగతి ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. మా ఇంట్లో కారు నడిపింది నా భార్య. ఆమె కాలం చేశాక రెండు నెలలు ఆ కారు ముసుగు కిందే ఉండిపోయింది. ఒక ఆదివారం ఉదయం మాస్టారు గాలి పంపు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు. టైర్లలో గాలి నింపి, కారు లోపలి అరలోంచి ఒక చిన్న నోటు పుస్తకం తీసి నా చేతికిచ్చారు. ప్రతి నెలా మొదటి వారం ఏ టైరులో ఎంత గాలి ఉందో, ఆయిలు ఏ గీత దగ్గరుందో ఆమె తన చేతిరాతలో రాసుకుంది. ఆమె శనివారం పాఠానికి వచ్చేదని నాకు తెలుసు, ఇంత శ్రద్ధగా రాసుకునేదని తెలియదు. "రెండు నెలలు ఖాళీగా ఉన్నాయండీ. ఇవాళ్టిది మీరు రాయండి" అన్నారు మాస్టారు. రాశాను. ఇప్పటికీ రాస్తున్నాను.

ఇక ఈ సంవత్సరపు సంగతి. మా కేంద్రానికి లెక్క ప్రకారం బిగించి దానంతటదే ఆగిపోయే కొత్త యంత్రాలు వచ్చాయి. వ్యవస్థాపకుల కుమార్తె, మేమందరం చిన్న మేడమ్ అని పిలుచుకునే మా ప్రస్తుత డైరెక్టరు గారు, జులై ఒకటో తేదీ నుంచి వెనక వీధి తిరుగుడూ, రెండో బిగింపూ అవసరం లేదని ఆదేశం తయారు చేయించారు. కొత్త జాబ్‌కార్డులు ఒకే గడితో అచ్చయి వచ్చాయి. మాస్టారు వెళ్ళి ఆమెను కలిశారు.

"కారుకి పద్నాలుగు నిమిషాలు పోతోంది మాస్టారూ. బయట జనం కాచుక్కూర్చుంటున్నారు. మెషీను తప్పు చెయ్యదు కదా?"

"చెయ్యదమ్మా. కానీ చక్రం వెనక ఏముందో దానికి తెలీదు."

"సరే, ఒక వారం చూద్దాం. వదులైంది ఒక్కటి దొరికినా ఆ కాగితం వెనక్కి తీసుకుంటాను. దొరక్కపోతే మాత్రం మీరు మళ్ళీ అడక్కూడదు."

"అలాగేనమ్మా. మీరు దగ్గరుండి చూడాలి మరి."

సోమవారం నుంచి శుక్రవారం దాకా నలభై ఒక్క కార్లు వెనక వీధి తిరిగి వచ్చాయి. ఒక్క నట్టూ కదల్లేదు. టీ గదిలో మా ఎలక్ట్రీషియన్ ఉండబట్టలేక, "మాస్టారూ, ముప్పై నాలుగేళ్ళు వాటిని కనిపెట్టుకుని ఉన్నారు, ఒక్క నట్టయినా మీ మీద జాలిపడకూడదా!" అన్నాడు. అందరూ నవ్వారు. మాస్టారూ నవ్వి, "వదులు కాకపోతే మంచిదేగా నాయనా. ఎవరి చెయ్యీ విరగలేదు" అన్నారు. కాని ఆ రోజు ఆయన టీ సగం గ్లాసులోనే ఉండిపోయింది.

శనివారం చక్రాల విభాగంలో ఒకరు సెలవు పెట్టడంతో మాస్టారే స్వయంగా పనిలోకి దిగారు. పదకొండు గంటలకు ఒక పాత తెల్ల కారు వెనక వీధి తిరిగి వచ్చింది. ఎడమ వెనక చక్రం మూడో నట్టు మీద పానా పెట్టగానే అది పావు చుట్టు తిరిగింది. ఆ సమయంలో చిన్న మేడమ్ అటు తిరిగి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నారు. చక్రం దగ్గర మాస్టారు, కార్డు పట్టుకుని నేను తప్ప ఎవరూ లేరు. ఒక్క విసురుతో బిగించేస్తే ఎవరికీ తెలిసేది కాదు. అలా చేస్తే పోయేది రెండో బిగింపు. చెబితే పోయేది ముప్పై ఏళ్ళుగా మచ్చలేని చేయి అన్న పేరు.

"అమ్మా, ఇలా రండి" అని మాస్టారు గట్టిగా పిలిచారు. "ఇది వదులైంది. బిగించింది నేను."

మేడమ్ ఆ నట్టు వంకా, ఆయన వంకా చూసి, "తప్పుగా అనుకోకండి మాస్టారూ... కావాలని గానీ..." అన్నారు.

మాస్టారు కారు జాకీ మీదికి ఎక్కించి చక్రం విప్పారు. చక్రం ఆనుకునే లోపలి పళ్ళెం మీద ఒకవైపు తుప్పు పెచ్చు నలిగి పొడి పొడిగా ఉంది. భుజం మీది గుడ్డ తీసి తుడిచి ఆమెకు చూపించారు. గుడ్డ ఇటుకరంగుకు మారింది. "పెచ్చు మీద బిగిస్తే మెషీనుకు సరిపోయినట్టే ఉంటుందమ్మా. కారు కదిలాక అది నలుగుతుంది, నట్టు వదులవుతుంది. ముందే తుడవాలి. తుడిచాననే అనుకున్నాను. కళ్ళజోడు జేబులోనే ఉండిపోయింది."

మేడమ్ నా చేతిలోంచి ఒకే గడి ఉన్న ఆ కొత్త జాబ్‌కార్డు తీసుకున్నారు. నా పెన్ను అడిగి, ఆ గడి పక్కన మరో గడి గీశారు. మాస్టారు నట్లన్నీ బిగించి, కారును మళ్ళీ వెనక వీధి తిప్పించి, నాలుగు చక్రాలూ చూసుకుని లేచాకే అందులో టిక్కు పెట్టమని కార్డు ఆయనకిచ్చారు. నిన్న రెండు గళ్ళతో అచ్చయిన కార్డుల కట్టలు వచ్చాయి. మొదటి కట్ట విప్పింది నేనే.

ఆ మధ్యాహ్నం మాస్టారు చేతులు కడుక్కుంటుంటే, "ఎలా చెప్పగలిగారండీ, అందరి ముందూ?" అని అడిగాను. "ముప్పై ఏళ్ళ కిందట ఒకసారి చెప్పిందే కదండీ" అన్నారు గుడ్డతో వేళ్ళు తుడుచుకుంటూ. "రెండోసారి చెప్పాను."

మా సంస్థ పత్రిక ఇదే సంచికలో ఆ ఉపాధ్యాయురాలు గారి ఉత్తరం కూడా ఉంది. వయసు డెబ్బై ఎనిమిది దాటినా అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. కుడి చేత్తోనే రాశారు.

మాస్టారూ, మీకూ, మిమ్మల్ని ఇన్నాళ్ళు మాకు అప్పగించిన మీ శ్రీమతి గారికీ సంపూర్ణ ఆరోగ్యం, ప్రశాంతమైన దీర్ఘాయువు చేకూరాలని సంస్థ సిబ్బంది అందరి తరఫునా మనసారా కోరుకుంటున్నాను. కళ్ళజోడు జేబులో కాక ముఖం మీద ఉండాలనీ, రక్తపోటు వేళకు చూపించుకోవాలనీ, మీ అలవాటు ప్రకారం రెండోసారి కూడా చూపించుకోవాలనీ ప్రార్థన. సోమవారం సాయంత్రం గేటు దాటాక మీరు ఒకసారి వెనక్కి తిరిగి చూస్తారని మాకు తెలుసు. రెండోసారి కూడా చూడండి. కిందికి దించిన ఏదో ఒక కారు పక్కన, పానా పట్టుకుని ఎవరో ఒకరు వంగి ఉంటారు.