ఆదివారం రాసిపెట్టిన పలకరింపులు

మీలో ఎవరైనా, మాస్టారి గొంతు చివరిసారి ఏ రోజు విన్నారు?

రాత కాదు నేనడిగేది. గొంతు. ఆ చిన్న దగ్గు, ఆ తర్వాత "చూడమ్మా" అనడం.

ఒక్క నిమిషం లీడ్ సార్, మాస్టారి కోసం ఆ రెండు నిమిషాల మౌనం కాసేపాగి పాటిద్దాం. మౌనం మనకి కొత్తా సార్? రెండేళ్ళుగా రోజూ చేస్తున్నదే కదా. ఏడుగురం, తెర మీద ఏడు గడులు, ప్రతి గడిలో గీత కొట్టేసిన మైకు బొమ్మ. ఫ్యానన్నయ్య మైకు తెరిస్తే ఆ ఫ్యాను కటకట వినబడుతుంది, అంతే. ఆయనకి మీసం ఉందో లేదో ఈ రోజుకీ నాకు తెలీదు. నవ్వకండి అన్నయ్యా. పోనీ నవ్వండి, కనీసం ఉన్నారని తెలుస్తుంది.

ఆ ఎనిమిదో గడి చూసి ఉలిక్కిపడకండి. అవును, మాస్టారి పేరే. అక్కడ కూర్చున్నది ఆయన అక్కగారు. ఆయన కుర్చీలో, ఆయన కంప్యూటర్ ముందు. నేనే రమ్మన్నాను. అనుమతి తీసుకోలేదు సార్, తీసుకుంటే ఇచ్చేవారు కాదు.

ఆమె నిన్న నాకు ఫోన్ చేశారు. తిడతారనుకుని ఎత్తాను. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "మా తమ్ముడు ఏ రోజు పోయాడమ్మా?" అని అడిగారు. అంతే.

మీకు తెలిసిందే కదా. శుక్రవారం ఆయన డ్రాయింగు రాలేదు. శనివారం పొద్దున మన ఆఫీసువాళ్ళు అక్కగారికి చెబితే, ఆమె వాచ్‌మన్‌తో తలుపు తీయించారు. గుండె ఆగిందన్నాడు డాక్టరు. ఎప్పుడు అంటే, సోమవారానికీ గురువారానికీ మధ్యలో అని రాసిచ్చాడు. నాలుగు రోజుల్లో మీకు నచ్చింది ఎంచుకోండి అన్నట్టు.

ఆమెకి తేదీ ఎందుకో తెలుసా? బుధవారం మధ్యాహ్నం ఆమె తమ్ముడికి ఫోన్ చేశారు. మోగి మోగి ఆగిపోయింది. పనిలో ఉన్నాడేమో అనుకుని ఊరుకున్నారు. ఆ ఫోను మోగుతున్నప్పుడు మనిషి అప్పటికే లేడా, లేక నేల మీద పడి ఆ మోత వింటున్నాడా? ఆమెకి కావాల్సింది ఆ ఒక్క జవాబు. ఆయన ఫోనుకేమో తాళం. ఎవరికీ తెరుచుకోవడం లేదు.

ఆయన కంప్యూటర్లో తెరిచి ఉన్నది మన గ్రూపు ఒక్కటే. అందులో ఆమె ఏం చూశారో చెప్పనా? శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి మాస్టారి పేరు మీద "శుభోదయం, హాయిగా ఉన్నాను" అని ఉంది. చూసి నన్నడిగారు. "అయితే డాక్టరు పొరపాటు పడ్డాడా అమ్మా? శుక్రవారం దాకా బాగానే ఉన్నాడా?"

ఆ గొంతులో ఆశ మీరు విని ఉండాల్సింది. అది ఆదివారమే రాసి పెట్టుకున్న పలకరింపని, ఆయన ఉన్నా లేకపోయినా తొమ్మిదింటికి దానంతటదే వెళ్ళిపోతుందని ఆమెకి చెప్పాల్సింది నేను. చెప్పాను. ఆమె నెమ్మదిగా, "మీరంతా అంతేనా అమ్మా?" అన్నారు.

అంతే కదా మనం?

ఎవరండీ చాట్‌లో దండం బొమ్మ పెట్టింది? వదినా, మీరా? మీరు మంచివారు, నాకు తెలుసు. కానీ ఇప్పుడు బొమ్మలు వద్దు. నాకు ఒళ్ళు మండుతోంది. మీ మీద కాదు.

అక్కగారూ, మా పని మీకు ఒక్క ముక్కలో చెబుతాను. కట్టబోయే ఇళ్ళలో కరెంటు తీగలు ఎక్కడెక్కడ పోవాలో గీసిచ్చే పని. ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చుని గీస్తాం. సోమవారం ఎవరి వాటా వాళ్ళు తీసుకుంటాం, శుక్రవారం ఇచ్చేస్తాం. మధ్యలో ఒకరితో ఒకరికి అవసరమే పడదు. మాకు శుక్రవారం దాకా మనిషి అక్కర్లేదండీ.

మీ తమ్ముడొక్కరే వేరు. మేం గీసినవాటి పక్కన చిన్న అక్షరాలతో రాసేవారు. "ఈ గదిలో ముసలాళ్ళు ఉంటే? మంచం పక్కన ఇంకో స్విచ్చు పెట్టు." ఎవరో ముక్కూమొహం తెలీనివాళ్ళు చీకట్లో తడుముకోకూడదని ఆయనకి ఎంత పట్టింపో. మాకు చిరాకు. వెనకాల చాదస్తం అనుకునేవాళ్ళం. అందుకే మాస్టారని పేరు పెట్టాం, గౌరవంతో కాదు.

ఇక పలకరింపుల సంగతి. ఇళ్ళలో విడివిడిగా కూర్చుంటే మనుషులు విడిపోతారని పెద్ద ఆఫీసుకి బెంగ పుట్టింది. జట్టు అనుబంధం అని ఒక కార్యక్రమం పెట్టారు. రోజూ తొమ్మిదిలోపు ప్రతివాళ్ళూ గ్రూపులో పలకరించాలి, ఎలా ఉన్నారో చెప్పాలి. దానికి నూటికి ఇన్నని స్కోరు. చూసుకునే బాధ్యత నాకిచ్చారు. కాలేజీలో చర్చల పోటీలన్నీ గెలిచిన పిల్ల, నలుగురినీ కలుపుతుందని.

కలిపాను. రెండు వారాలు. తర్వాత ఒకరు మరిచిపోవడం, ఒకరు లేటుగా లేవడం, స్కోరు అరవైకి పడింది. లీడ్ సార్ మొహం మాడ్చుకున్నారు. అప్పుడు నాకో గొప్ప ఆలోచన వచ్చింది. ఆదివారం సాయంత్రం కూర్చుని ఐదు రోజుల పలకరింపులూ ఒకేసారి రాసి, రోజుకొకటి దానంతటదే వెళ్ళేలా పెట్టుకోండి అన్నాను. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి నేర్పాను. ఆ పథకం నాది. ఇంకెవరిదీ కాదు.

అందరూ హమ్మయ్య అనుకున్నారు. అడ్డం తిరిగింది మాస్టారొక్కరే. "రేపు నాకెలా ఉంటుందో ఈ రోజే ఎలా రాయనమ్మా?"

నేనేమన్నానో తెలుసా? "మీరు ఎలా ఉన్నారన్నది ఎవరికి కావాలి మాస్టారూ, ఉన్నారన్నది ముఖ్యం" అన్నాను. ఆయన నవ్వేసి, "వాదనలో నీతో గెలవలేను" అన్నారు. ఆ ఆదివారం నుంచి ఆయనా రాసిపెట్టడం మొదలుపెట్టారు.

పోయిన వారం మన స్కోరెంతో గుర్తుందా? వంద. మొట్టమొదటిసారి. బుధవారం ఆయన పేరు మీద "ఇక్కడ వాన పడేలా ఉంది" అని వచ్చింది. "గొడుగు మరిచిపోకండి మాస్టారూ" అని మీరే రాశారు లీడ్ సార్. గురువారం, వారంలో అందరికన్నా ఆత్మీయుడని ఆయనకి నక్షత్రం ఇచ్చాం. దానికింద ఏడు గుండె బొమ్మలు. నాది కూడా ఉంది.

ఈ రోజు ఉదయం ఆయన పలకరింపు రాలేదు. స్కోరు ఎనభై ఏడుకి దిగింది. మన లెక్కల్లో మాస్టారు పోయింది ఈ పొద్దున.

లేదు సార్, నేను ఆవేశపడటం లేదు. టైమైపోతే అవనివ్వండి. అసలు మాట ఇంకా చెప్పలేదు. నిన్న ఆమెకి కూడా చెప్పలేదు. నోరు రాలేదు.

మంగళవారం మధ్యాహ్నం మూడు నలభైకి మాస్టారు నాకు ఫోన్ చేశారు.

రెండేళ్ళలో ఆయన ముందు మెసేజ్ పెట్టి అడక్కుండా ఎప్పుడూ ఫోన్ చేయలేదు. "ఖాళీయేనా అమ్మా" అని అడిగి, నేను సరే అంటేనే చేసేవారు. ఆ రోజు నేరుగా మోగింది. అది నాకు వింతగా తోచలేదు. మళ్ళీ ఏ స్విచ్చు ఎత్తు గురించో క్లాసు పీకుతారు అనుకున్నాను. నేనప్పుడు ఏం చేస్తున్నానో తెలుసా? శుక్రవారం ఆటకి ప్రశ్నలు తయారుచేస్తున్నాను. మీ తోటివారి గురించి మీకెంత తెలుసు అని ఆట.

కట్ చేసేశాను. కట్ చేస్తే ఫోను దానంతటదే ఒక ముక్క పంపిస్తుంది కదా, "మీటింగులో ఉన్నాను, తర్వాత చేస్తాను" అని. అది వెళ్ళింది. మూడు నలభై రెండుకి ఆయన దగ్గర్నుంచి జవాబొచ్చింది. "సరేనమ్మా."

ఆ వారం మొత్తంలో ఆయన నిజంగా రాసింది ఆ ఒక్క మాట. నేను తర్వాత చేయలేదు. మరిచిపోయానని చెబితే అబద్ధం. గుర్తుంది. రేపు చేద్దాంలే అనుకున్నాను, బుధవారం కూడా అలాగే అనుకున్నాను. పొద్దున్నే వాన పడేలా ఉందని రాశారు కదా, బాగానే ఉన్నారులే అనుకున్నాను. ఆ మాట ఎలా వస్తుందో నేర్పిందాన్ని నేనే అయ్యుండి.

అక్కగారూ, మంగళవారం మూడు నలభై రెండుకి మీ తమ్ముడు ఉన్నారు. నా దగ్గరున్నది అంతే. నన్నేమన్నా పడతాను, కానీ ముందు మీ జవాబు తేలాలి.

నేను ఎత్తకపోతే ఆయన అక్కడితో ఆగి ఉండరు. ఇంకెవరికో చేసి ఉంటారు. ఈ ఏడు గడుల్లో ఇంకెవరో కట్ చేసి ఉంటారు, లేదా చూడనే లేదేమో. అలాంటివాళ్ళు ఉంటే, సిగ్గుపడాల్సినంతా నేను ముందే పడ్డాను, మీకు పెద్దగా మిగల్లేదు.

మీ ఫోన్లు చేతిలోకి తీసుకోండి. వచ్చిన కాల్స్ జాబితాలో పోయిన మంగళవారానికి వెళ్ళండి. అక్కడినుంచి ఒక్కో రోజూ మాస్టారి పేరు ఉందేమో చూడండి. లీడ్ సార్, మీతో మొదలుపెడదాం, తర్వాత వదిన, తర్వాత ఫ్యానన్నయ్య. మైకు తెరవండి. రోజు, గంట, నిమిషం, ఉన్నది ఉన్నట్టు నోటితో చదవండి. మెల్లగా చదవండి, ఆమె రాసుకుంటున్నారు.