పూలమ్మ ఇంటి కరెంటు దొంగ

వరంగల్, రంగశాయిపేట. గాలిదుమారం వచ్చిపోయిన మర్నాడు మధ్యాహ్నం. పూలమ్మ ఇంటి గేటు కాడ ఇద్దరు.

“దొంగతనం కాకపోతే ఏందయ్యా మరి? లైన్‌మన్లు, మీకు తెల్వందా?”

“పెద్దమ్మా, నేను అడిగింది దొంగల గురించి కాదు...”

“ముందు నా ముచ్చట ఇను. ఈ గల్లీల సోలార్ పెట్టిచ్చుకున్నది ఈ పూలమ్మ ఒక్కతే. వాడంత కరెంటు పోయినా నా ఇంట్ల ఫ్యాను తిరుగుతది. మంచిదే గద?”

“మంచిదే.”

“మరి పక్కింటి సుకన్య ఫ్యాను ఎట్ల తిరుగుతది? ఆమెకు సోలార్ లేదు, బ్యాటరీ లేదు. నా ఇన్వర్టర్ కుయ్యిమనంగనే ఆమె ఇంట్ల గూడ గాలి! గోడ కింద నుంచి వైరు గుంజుకున్నది. గోడ పొంటి మొత్తం తవ్వి చూసిన.”

“దొరికిందా?”

“దొరకలే. గట్టి దొంగ. నవ్వుతవేంది?”

“నవ్వుతలేను. ఇప్పుడు గూడ నడుస్తాందా నీ ఇన్వర్టర్?”

“నడువక? రాత్రి గాలికి స్తంభం మీద వైరు తెగింది గద, అప్పటిసంది నడుస్తనే ఉన్నది.”

“జర చూపిస్తవా? జల్ది.”

“రా, రా. చెప్పులు ఇడువకు, లోపల తడి ఉన్నది. నువ్వు గూడ పెట్టిచ్చుకుంటవా ఏంది?”

“చూద్దాం. ఇదేంది, దుప్పటి కప్పినవు?”

“దుమ్ము పడకుంట. కొత్తది గద.”

“దానికి గాలి ఆడాలె పెద్దమ్మా. ముట్టుకో, ఎట్ల కాలుతాందో.”

“కాలుతది. అందుకే దాని మీద వడియాలు పెట్టిన. మంచిగ ఎండినయ్. ఒకటి తిను.”

“తర్వాత తింట. దుప్పటి తియ్యి. వడియాలు తియ్యి. అరే... బ్యాటరీ పక్కనే గ్యాస్ బండా?”

“ఇల్లు చిన్నది బిడ్డా. అన్నీ పక్కపక్కనే.”

“బండ ఇవ్వాళ్నే వేరే కాడ పెట్టు. ఎవలు బిగించిన్రు ఇదంత?”

“మా అక్క కొడుకు శ్యాంసుందర్. తొర్రూరుల సెల్‌ఫోన్లు బాగు జేస్తడు. మస్తు తెలివి.”

“కరెంటు పోయినప్పుడు ఇంటిని వీధి లైను నుంచి ఇడగొట్టే స్విచ్చు ఒకటి ఉండాలె. ఏది?”

“ఆ, అదా! సోలార్ అమ్మినాయన గూడ అదే అన్నడు, పెట్టాలె, పెట్టాలె అని. మా పోరడే వద్దన్నడు. ‘అది లేకున్నా నడుస్తది చిన్నమ్మా’ అన్నడు. నడుస్తనే ఉన్నది గద?”

“నడుస్తాంది. అందుకే దొంగ దొరికిండు.”

“ఎవలు?”

“నీ కరెంటే పెద్దమ్మా. సుకన్య గుంజుకోలే. నీ ఇంట్ల పుట్టిన కరెంటు మీటర్ దాటి, బయటి వైరెక్కి, ఆమె ఇంట్లకు పోతాంది. స్తంభం నుంచి మీ రెండిండ్లకు ఒక్కటే వైరు.”

“అంటే... ఆమె దొంగ కాదా?”

“కాదు.”

“అయ్యో, నా నోరు పడ! మొన్న నల్లా కాడ నలుగుట్ల అడిగిన. ‘ఎటు నుంచి వస్తాందో నాకే తెల్వదు అత్తా’ అన్నది. నమ్మితినా?”

“ఆమెకు నిమ్మలంగ చెప్పు. ముందు దీన్ని బంద్ చెయ్యి.”

“ఎందుకు? పోతే పోనీ. ఆమెకు పసిపోరడున్నడు, ఉక్కపోస్తాంది. సూర్యుడిచ్చిన కరెంటు, నాదేం పోయింది? పుణ్యమన్న వస్తది.”

“పుణ్యం కాదు, పాపం తగులుతది. తెగిన వైరు కట్టాలంటే స్తంభం ఎక్కాలె గద? ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఫీజు పీకినంకనే ఎక్కిన్రు. లైన్ల కరెంటు లేదనే అనుకున్నరు. పట్టుకునే ముందు టెస్టర్ పెడితే కుయ్యిమన్నది.”

“ఫీజు పీకినంక ఎట్ల కుయ్యిమంటది?”

“గదే. ఎట్లంటది?”

“నా ఇంట్ల నుంచా?”

“నీ ఇంట్ల నుంచే.”

“టెస్టర్ పెట్టకుంట చెయ్యి పెడితే...”

“పెద్దమ్మా.”

“చెప్పకు. చెప్పకు బిడ్డా. ఏది ఒత్తాలె? ఇదా?”

“అది మిక్సీది.”

“ఇది?”

“ఆ. మెయిన్ గూడ దించు.”

“దించిన. అగో, సుకన్య పోరడు ఏడుస్తాండు. ఆమె ఫ్యాను గూడ ఆగినట్టున్నది.”

“అయితే నిజమే. ఆ స్విచ్చు పెట్టిందాక దీన్ని ముట్టకు. లైసెన్సు ఉన్నోళ్లనే పిలువు.”

“శ్యాంసుందర్‌ను గూడ పిలుస్త. చీపురుకట్ట పట్టుకొని పిలుస్త.”

“ఆగు, ఫోన్ చెయ్యనీ. హలో... ఆ, దొరికింది. బంద్ చేసినం, మెయిన్ దించినం. ఎక్కి మళ్ల టెస్టర్ పెట్టి చూడు. ఫోన్ కట్ చెయ్యకు, జేబుల ఏసుకో... గ్లౌజులు తొడిగినవా? బెల్టు?”

“పెట్టిండా?”

“ఎక్కుతాన్రు, జర ఆగు పెద్దమ్మా... హలో? ఏమన్నది టెస్టర్? ఇంకోసారి పెట్టు. నా కోసం ఇంకొక్కసారి... సరే. సరే. పైలం.”

“ఏమాయె?”

“సప్పుడు లేదట. వైరు కడతాన్రు.”

“హమ్మయ్య! కూసో అయ్యా, చెమటలు కారుతున్నయ్ నీకు. మజ్జిగ తాగు. పెద్ద లైన్‌మన్‌వు, నువ్వే గిట్ల వణికితే పైనున్న పిలగానికి ధైర్యం ఎవలు చెప్తరు?”

“నేను లైన్‌మన్‌ను కాదు పెద్దమ్మా. చెప్తాంటే నువ్వు ఇంటివా? నా పేరు దావీదు. ఆటో నడుపుత.”

“ఆటోనా! మరి ఫీజులు, స్విచ్చులు, ఇవన్నీ నీకెట్ల తెలుసు?”

“పైనున్న మనిషే చెప్పి పంపింది. ‘నేను డ్రెస్సు మీద పోతే ఫైనేస్తరని తలుపులేసుకుంటరు. నువ్వు పో. ఎవల మీద ఒర్రకు, నవ్వుకుంట అడుగు’ అన్నది.”

“అన్నదా? పైనున్నది ఆడిపిల్లనా?”

“మా బిడ్డ షారోన్, పెద్దమ్మా. సద్ది డబ్బా ఇచ్చిపోదామని వచ్చి తలెత్తి చూసేవరకు, ఆమె చెయ్యి ఆ వైరుకు జానెడు దూరంల ఉన్నది.”